ముంబయి వలస, సరిహద్దు వలస

(ముదిగుబ్బ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపూ ఈ వేదిక మీద వీరమరణం అన్న మాట విన్నాం. ఆ మాటకు మేమూ తల వంచుతున్నాం. అయితే చావును పొగిడి, బతుకును విడిచిపెట్టి లేచిపోతే అది మురళీనాయక్‌కు నివాళి కాదు.

మురళి మన శ్రీసత్యసాయి జిల్లా బిడ్డే. గోరంట్ల మండలం కల్లితండా. సుగాలీల తండా. వానను నమ్మి వేరుశనగ వేస్తే విత్తనాల ఖర్చు కూడా తిరిగిరాని నేల మనది. ముదిగుబ్బ నుంచి హిందూపురం దాకా పల్లెల్లో తాళాలు పడిన ఇళ్లను లెక్కపెట్టండి, మన చరిత్ర తెలుస్తుంది. కొందరు బెంగుళూరు పోతారు, కొందరు కేరళ పోతారు. మురళి అమ్మానాన్నలు ముంబయి పోయారు. ఘాట్కోపర్‌లో ఉండి రెక్కల కష్టం మీద బతికారు. కొడుకు సోమందేపల్లిలో చదువుకున్నాడు.

అలాంటి ఇంటి పిల్లవాడికి ఫౌజు అంటే దేశభక్తి ఒక్కటే కాదు, నెల జీతం కూడా. ఈ మాట చెబితే అతని త్యాగం తగ్గదు. ఆ త్యాగం ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలుస్తుంది. 2022 జూన్‌లో కేంద్రం అగ్నిపథ్ తెచ్చింది. నాలుగేళ్ల కొలువు. ఆ తర్వాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మురళి ఆ దారినే సైన్యంలో చేరాడు. ముంబయి పోయిన తండ్రిది ఒక వలస, సరిహద్దుకు పోయిన కొడుకుది ఇంకో వలస.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. మే 9న జమ్మూ కాశ్మీర్‌లో, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మురళి నేలకొరిగాడు. మర్నాడే కాల్పుల విరమణ. మే 11న తండాలో అంత్యక్రియలు. ఉపముఖ్యమంత్రి వచ్చారు, మంత్రులు వచ్చారు. రాష్ట్రం 50 లక్షలు, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం, తండ్రికి ఉద్యోగం ప్రకటించింది. మంచిదే. కాదనేవాళ్లెవరు?

అయితే అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. యుద్ధంలో అగ్నివీర్ చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల పరిహారం ఇస్తారు. నెలనెలా పింఛను మాత్రం లేదు. అదే కందకంలో, అదే గుండుకు రెగ్యులర్ సిపాయి పోతే ఆ ఇంటికి పింఛను వస్తుంది. తుపాకీ ఒకటే, శత్రువు ఒకడే, కప్పిన జెండా ఒకటే. పింఛను దగ్గరికి వచ్చేసరికి తేడా ఎందుకు?

ఈ ప్రశ్నను మనకన్నా ముందు ఆ తల్లి అడిగింది. 2025 నవంబరులో బొంబాయి హైకోర్టుకు పోయింది. పొట్ట చేతపట్టుకుని ఏ నగరానికి పోయిందో, ఆ నగరం కోర్టులోనే కొడుకు తరఫున నిలబడింది. దయ చూపమని అడగలేదు. సమానంగా చూడమని అడిగింది.

ఈ సభలో ఫౌజు పరీక్షలకు పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలున్నారు. మీ కోసమే చెబుతున్నాం. దండలు వేద్దాం, విగ్రహం ముందు మొక్కుదాం. కానీ ఆ తల్లి అడిగిన పింఛను మాట ఊరూరా అడుగుదాం. మన నేలకు నీళ్లు కూడా అడుగుదాం. పిల్లలు ఫౌజుకు ఇష్టంతో పోవాలి గానీ, కరువు తరిమితే పోకూడదు.