లాగితే లావెక్కే పదార్థాలు



రబ్బరు పట్టీని లాగితే సన్నబడుతుందని ప్రాథమిక తరగతుల పిల్లలకు కూడ తెలుసు. ఎంత సాగితే ఎంత సన్నబడుతుందో తెలిపే నిష్పత్తికి ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ పేరు స్థిరపడింది. అది రబ్బరుకు సుమారు 0.5, ఉక్కుకు సుమారు 0.3, కార్కుకు దాదాపు సున్న. నొక్కినా పక్కలకు ఉబ్బదు గనుకనే కార్కు బిరడా సీసా మూతిలోనికి సులువుగా దిగుతుంది.

మరి ఆ నిష్పత్తి సున్న కంటె తక్కువైతే? లాగినకొద్దీ పదార్థం అడ్డంగా కూడ పెరగాలి. సిద్ధాంతం దీనిని నిషేధించలేదు. 1987లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన రోడెరిక్ లేక్స్ దానిని చేసి చూపారు. పాలియురేథేన్ స్పాంజిని అన్ని వైపులనుండి నొక్కి, అచ్చులో బిగించి, వేడిచేసి చల్లార్చగా, అందలి సూక్ష్మమైన గదుల గోడలు లోపలికి ముడుచుకొని నిలిచిపోయాయి. లాగినపుడు ఆ గోడలు విచ్చుకొని స్పాంజి లావెక్కింది. 1991లో ఇంగ్లండుకు చెందిన కెన్ ఇవాన్స్, ఆయన సహచరులు ‘పెరిగే స్వభావం గల’ అనే అర్థమిచ్చే గ్రీకు మాటనుండి వీటికి ‘ఆక్సెటిక్’ అని పేరుపెట్టారు.

ప్రాణహితలో వల వేసేవారి బిడ్డలకు ఇందలి కిటుకు తేలికగా బోధపడుతుంది. వలను నిడివిగా లాగితే కన్నులు మూసుకొని వల సన్నబడుతుంది. దారం సాగలేదు, కన్ను ఆకారమే ఆ పని చేసింది. ఆరు చీపురు పుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కలిపి, నిలబెట్టిన డమరుకం వలె నడుము లోపలికి నొక్కి ఉన్న కన్నును చేసి, పైకీ కిందికీ లాగితే నడుము వెలుపలికి వస్తుంది. అట్టి కన్నుల అల్లికే ఆక్సెటిక్.

దెబ్బ తగిలిన చోట ఈ స్పాంజి పక్కలకు జరిగిపోక, ఆ చోటికే చేరి చిక్కబడుతుంది. అందుచేత హెల్మెట్ల లోపలి మెత్తలకు, శరీర కవచాలకు దీనిని వాడే పరిశోధనలు సాగుతున్నాయి. 2016లో నైకీ సంస్థ ఇట్టి అల్లిక గల అడుగులతో పరుగు బూట్లను విపణిలోనికి తెచ్చింది. గాయం వాచినపుడు రంధ్రాలు తెరచుకొని మందును విడుదలచేసే కట్లు, రక్తనాళాలను తెరచి ఉంచే స్టెంట్లు కూడ పరిశోధకుల దృష్టిలో ఉన్నాయి. అయితే గోడలు కదలడానికి ఖాళీలు కావాలి. ఖాళీలు పెరిగితే బలం తగ్గుతుంది. కనుక పెద్ద బరువులు మోసే పనికి ఇవి అంతగా తగవు.

మరాఠీ రాష్ట్రపు అంచున తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డ కొత్త విజ్ఞానానికి దూరమవుతుందేమోనని తల్లిదండ్రులు కలతపడడం సహజం. కాని ఈ సంగతి చెప్పడానికి వల, కన్ను, పుల్ల, నడుము అనే ఇంటి మాటలే చాలాయి. సాగితే సన్నబడుతుందని పాఠం విని, ‘ఎప్పుడూ అంతేనా?’ అని అడిగిన బిడ్డను ఇంటనైనా బడినైనా కూర్చోమనరాదు. ఆ బిడ్డ చేతికి ఆరు పుల్లలు అందించాలి.