తిన్నది ఒంటబట్టాలి

(ఆలయ సంఘం వార్షికోత్సవ సందర్భంగా నజ్మాలో యువతరాన్ని ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆహారం గురించి ఒక వైద్యురాలు మాట్లాడబోతోందనగానే ‘ఇది తినకండి, అది మానండి’ అనే జాబితా వినక తప్పదని మీలో కొందరు ఇప్పటికే నిట్టూర్చి ఉంటారు. జాబితా చివరలో కొద్దిగా ఉంటుంది. అంతకుముందు మీకు వేరే సంగతి చెప్పాలని వచ్చాను.

మన భాషలో అరుగుదలకు సంబంధించిన మాటలు చదువుకూ, జీవితానికీ కూడా వర్తిస్తాయి. ఆవు గడ్డిని నెమరువేస్తుంది. మనం జ్ఞాపకాలను నెమరువేసుకుంటాం. తిండి ఒంటబట్టాలంటాం, చదువు కూడా ఒంటబట్టాలంటాం. కష్టమైన వార్త వింటే ‘జీర్ణించుకోలేకపోతున్నాను’ అంటాం. తినడం ఒక పని, అరిగించుకోవడం మరొక పని, ఒంటబట్టించుకోవడం ఇంకొక పని అని మన పూర్వులు గ్రహించారు. వైద్యశాస్త్రం చెప్పేది కూడా అదే.

భోజనానికి ముందు భగవద్గీత పదిహేనవ అధ్యాయం పఠించే సంప్రదాయం మీలో కొందరి ఇళ్లలో ఉంది. అందులోని పద్నాలుగవ శ్లోకంలో భగవానుడు తాను వైశ్వానరాగ్నిగా దేహాలలో ఉండి నాలుగు విధాల ఆహారాన్ని పచనం చేస్తున్నానని చెబుతాడు. నమిలేది, మింగేది, నాకేది, చప్పరించేది అని ఆ నాలుగింటికి వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. అక్కడ ఉన్న మాట ‘మనుషుల దేహాలు’ కాదు, ‘ప్రాణుల దేహాలు’. కనుక మన పొయ్యిని చూసుకునే ముందు ఇరుగుపొరుగు ప్రాణుల పొయ్యిలను ఒకసారి చూద్దాం.

సూక్ వాకిఫ్‌కు వెళ్లినప్పుడు పావురాలకు గింజలు చల్లని వారు మీలో ఉండరు. పావురానికి పళ్లు లేవు. గింజను మింగి, మెడ కింది సంచిలో నానబెట్టుకుంటుంది. ఆ తరువాత అది కందనకాయలోకి చేరుతుంది. బలమైన కండరంతో చేసిన తిరగలి వంటిది ఆ కందనకాయ. పక్షి ఏరుకుని మింగిన చిన్న రాళ్లే దానికి పళ్లు. పిల్లలు పుట్టినప్పుడు తల్లిపక్షీ, తండ్రిపక్షీ కూడా అదే మెడసంచిలో పాల వంటి పదార్థాన్ని తయారుచేసి పిల్లల నోటికి అందిస్తాయి. కఠినమైన గింజను అరిగించుకోలేని పసికూనకు పెద్దలు తమ శరీరంలో సిద్ధం చేసిన ఆహారం అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

అల్ షహానియాలో ఒంటెల పందేలు చూసి ఉంటారు. ఒంటె జీర్ణాశయానికి మూడు గదులుంటాయి. అదీ నెమరువేసే జీవే. దప్పికగొన్న ఒంటె పావుగంటలో సుమారు 100 లీటర్ల నీరు తాగగలదు. అంతకన్నా ఆశ్చర్యకరమైన సంగతి మరొకటి ఉంది. మనం మూత్రం ద్వారా విసర్జించే యూరియాను ఒంటె చాలావరకు తిరిగి జీర్ణాశయానికి పంపుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దానితో మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. ఎండిన ముళ్లకంప మేసి కూడా ఒంటె బతకగలగడానికి ఈ పొదుపు ఒక కారణం.

ఇక మన గోమాత. ఆవు జీర్ణాశయానికి నాలుగు గదులు. మొదటిది 100 లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే కుండ. గడ్డిలోని సెల్యులోజును అరిగించే ఎంజైము ఆవుకు సొంతంగా లేదు, మనకూ లేదు. ఆ కుండలో నివసించే కోటానుకోట్ల సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. అందుకే ఆవు రోజుకు దాదాపు ఎనిమిది గంటలు మేసిన మేతను నోటికి తెచ్చుకుని నమిలి, మళ్లీ ఆ కుండలోకి పంపుతుంది. నాలుగవ గది మాత్రం మన జీర్ణాశయం వంటిది. అందులో ఆమ్లం ఉంటుంది. అక్కడికి చేరేసరికి ఆవు గడ్డితోపాటు ఆ సూక్ష్మజీవులను కూడా అరిగించుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆవు గడ్డిని సూక్ష్మజీవులకు పెట్టి, వాటిని తాను తింటుంది.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. ఈ ప్రాణులతో పోలిస్తే మనిషి జీర్ణవ్యవస్థ చాలా నిరాడంబరమైనది. జీర్ణాశయానికి ఒకటే గది. పళ్లు చిన్నవి, దవడలు బలహీనమైనవి. కందనకాయ లేదు. లాలాజలం నోటిలోనే పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం మాంసకృత్తుల పని పడుతుంది. తరువాత సుమారు ఆరు మీటర్ల చిన్నపేగులో క్లోమరసం, పైత్యరసం కలుస్తాయి. దాని లోపలి గోడకున్న ఆంత్రచూషకాలనే సన్నని వేళ్ల వంటి మడతల వల్ల పేగు లోపలి వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లకు విస్తరిస్తుంది. నజ్మాలోని రెండు పడకగదులంత నేల మీ పొట్టలో మడిచిపెట్టి ఉందన్నమాట. ఆహారం ఒంటబట్టేది అక్కడే.

అయితే పచ్చి బియ్యాన్ని, పచ్చి కందిపప్పును ఈ యంత్రానికి అప్పగిస్తే అది నిస్సహాయం. మనిషి తన జీర్ణక్రియలో సగం పనిని శరీరం బయట చేయడం నేర్చుకున్నాడు. రోలు మన కందనకాయ. పొయ్యి మన రెండవ జీర్ణాశయం. రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి గిన్నె మన గోమాత మొదటి గది. అందులో కూడా సూక్ష్మజీవులే రాత్రంతా పనిచేసి, మినప్పప్పునూ బియ్యాన్నీ తేలికగా అరిగేలా మార్చి, పొంగించి, మనకు అప్పగిస్తాయి. ఇక్కడ ఏసీ గదిలో పిండి పులవడం లేదని మీ అమ్మగారు గిన్నెను పొయ్యి గట్టు మీదికో, బాల్కనీలోకో మార్చడం మీరు చూసే ఉంటారు. ఆవిడ చేస్తున్నది వంట మాత్రమే కాదు. మీ కుటుంబపు ఉమ్మడి జీర్ణాశయాన్ని సరైన వేడిలో ఉంచుతున్నారు.

పావురం మెడసంచి దగ్గరకు మళ్లీ వస్తానన్నాను కదా. తనకు అరిగిన దాన్ని పిల్లకు అరిగేలా మార్చి ఇవ్వడమే వంటిల్లు చేసే పని. మీరు చదువుకు మరో దేశం వెళ్లేటప్పుడు మీ పేగులు మీతో వస్తాయి. ఈ బయటి జీర్ణాశయం మాత్రం మీరు నేర్చుకుని తీసుకెళితేనే వస్తుంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మాయి పన్నెండేళ్ల వయసులో రాత్రి పాలు తాగడం మానేసింది. కడుపు ఉబ్బరంగా ఉంటోందనేది. నేను అది పెంకితనమనుకున్నాను. పండుగనాడు క్షీరాన్నం ప్రసాదం వద్దన్నప్పుడు పదిమంది ఎదుట గట్టిగా మందలించాను కూడా. ఒకరోజు వంటింటి తొట్టిలో పాలు పారబోస్తూ దొరికిపోయింది. “అమ్మా, నాకు నిజంగానే నొప్పి వస్తోంది. నువ్వు పేషెంట్ల మాట నమ్ముతావు, నా మాట నమ్మవు” అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. క్లినిక్‌లో ఎవరైనా ఇదే చెప్పి ఉంటే రెండు నిమిషాలలో గుర్తుపట్టేదాన్ని.

పాలలోని లాక్టోజు అనే చక్కెరను విడగొట్టే ఎంజైము లాక్టేజు. క్షీరదాలన్నిటిలోనూ తల్లిపాలు మానిన తరువాత అది తగ్గిపోవడమే ప్రకృతి నియమం. మానవులలో అధికసంఖ్యాకులకు అంతే. దక్షిణ భారతీయులలో అది చాలా సాధారణం. పశుపాలనతో తరతరాలు జీవించిన కొన్ని సమూహాలలో మాత్రం పెద్దయ్యాక కూడా ఆ ఎంజైము కొనసాగేలా జన్యుమార్పు వచ్చింది. ఉత్తర ఐరోపాలో ఒక మార్పు వచ్చింది. ఒంటెపాలతో బతికిన అరేబియా ప్రజలలో మరొకటి వచ్చింది. మీ తరగతిలోని ఖతరీ మిత్రుడు గ్లాసుడు ఒంటెపాలు హాయిగా తాగి, మీకు అదే గ్లాసు ఇబ్బంది పెడితే, అది ఇద్దరి తాతముత్తాతల చరిత్ర. ఎవరి భక్తిశ్రద్ధలకూ అది కొలత కాదు.

అదే అమ్మాయికి పెరుగన్నం ఏ ఇబ్బందీ పెట్టలేదు. తోడు వేసినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజులో కొంత తామే తినేస్తాయి. మిగిలినదాన్ని విడగొట్టే ఎంజైమునూ తమతో తెస్తాయి. చివరి ముద్ద పెరుగుతోనో, మజ్జిగతోనో కలపాలన్న మన నానమ్మల పట్టుదలలో ఇంత శాస్త్రం ఇమిడి ఉంది. తల్లిదండ్రులకు నా మనవి: బిడ్డ ‘అరగడం లేదు’ అంటే ముందు నమ్మండి. పిల్లలకు మనవి: పాలు పడకపోతే పెరుగును వదలకండి. శాకాహారులకు విటమిన్ బి12 ప్రధానంగా అందేది పాలు, పెరుగు నుండే. ఆ విటమినును మొక్కలు చేయలేవు, జంతువులూ చేయలేవు, సూక్ష్మజీవులే చేస్తాయి. ఆవుకు తన మొదటి గదిలోనే అది దొరుకుతుంది. మన పెద్దపేగులోనూ కొన్ని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి గానీ, అది ఒంటబట్టే చోటు చిన్నపేగు చివరిభాగం. అప్పటికే దాటిపోయి ఉంటుంది. కాబట్టి పాలు, పెరుగు రెండూ మానిన శాకాహారులు రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైతే మాత్రలు తీసుకోవాలి. కాళ్లు, చేతుల తిమ్మిర్లను, అకారణమైన నీరసాన్ని తేలికగా తీసుకోవద్దు.

తిన్నది ఒంటబట్టకపోవడం ఎంత దారుణమో తెలిసిన ఒక తెలుగువాడిని ఈ సభలో తలచుకోవాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. స్ప్రూలో రోగి తింటూనే ఉంటాడు; చిన్నపేగు గోడ దెబ్బతిని ఏదీ ఒంటబట్టదు, మనిషి కళ్లెదుటే కరిగిపోతాడు. సుబ్బారావు గారికీ ఆ వ్యాధి సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ తరువాత అమెరికా చేరి హార్వర్డులో పరిశోధనలు చేశారు. తరువాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది ఔషధమైంది. నేడు గర్భిణులకు ప్రపంచమంతటా ఇస్తున్న మాత్ర అదే. ‘ఫోలిక్’ అనే పేరు ‘ఆకు’ అనే అర్థమున్న లాటిన్ మాట నుండి వచ్చింది; మొదట పాలకూర నుండి వేరుచేశారు. సుబ్బారావు గారు మళ్లీ స్వదేశం చూడకుండానే 1948లో న్యూయార్కులో మరణించారు. సోదరులను తీసుకుపోయిన వ్యాధిని ఆయన పరాయిదేశంలో కూడా మరచిపోలేదు. దూరదేశంలో పెరుగుతున్న మీకు ఆయన జీవితం ఒక పాఠం.

ఇక, ఇస్తానన్న జాబితా. మన వంటింటి పద్ధతిని వారసత్వంగా తీసుకోండి. పాతకాలపు పరిమాణాన్ని మాత్రం తీసుకోకండి. పొలంలో రోజంతా శ్రమించిన ముత్తాతగారి పళ్లెంలోని అన్నం, వేసవిలో ఏసీ గది దాటని మనకు ఎక్కువే. మనవారిలో సన్నగా కనిపించేవారికి సైతం మధుమేహం, కాలేయంలో కొవ్వు పేరుకోవడం చిన్న వయసులోనే వస్తున్నాయి. పళ్లెంలో కూర, పప్పు ముందు తిని, అన్నం తరువాత తింటే రక్తంలో చక్కెర అంత వేగంగా పెరగదు. భోజనం తరువాత పదిహేను నిమిషాలు నడవండి. కడుపు నిండిందన్న కబురు మెదడుకు చేరడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఫోన్ చూస్తూ ఐదు నిమిషాలలో ముగిస్తే ఆ కబురు వచ్చేసరికి పళ్లెం రెండుసార్లు ఖాళీ అవుతుంది. అర్ధరాత్రి మోటారుసైకిలు మీద వచ్చే పొట్లం ఎప్పుడో ఒకసారి అయితే ఫరవాలేదు, అలవాటైతే కష్టం. కారణం లేకుండా బరువు తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, మింగడం కష్టమైనా ఇంటర్నెట్టును అడగకండి, వైద్యులను అడగండి.

చివరగా ఒక చిన్న పని అప్పగిస్తాను. ఈ వారం మీ ఇంట్లో పాలకు తోడు మీరే వేయండి. ఒక రాత్రి పిండి మీరే రుబ్బి, పులిసే చోటు మీరే వెతకండి. పొంగకపోతే అమ్మనో, నాన్ననో, ఊళ్లోని అమ్మమ్మను ఫోనులోనో అడగండి. వారు చెప్పే కథలో మీ ఊరు, మీ ఇల్లు కూడా కలిసివస్తాయి. వాటిని నెమరువేసుకోండి. తొందర లేదు, ఆవుకే ఎనిమిది గంటలు పడుతుంది.

కాసేపట్లో మనమంతా పంక్తిలో కూర్చోబోతున్నాం. వండినవారిని, వడ్డించినవారిని, మన లోపల మౌనంగా పనిచేస్తున్న వైశ్వానరుణ్ణి తలచుకుని నెమ్మదిగా, నమిలి భోజనం చేయండి. క్షీరాన్నం పడనివారు మొహమాటం లేకుండా చెప్పండి. ఈ సభలో మిమ్మల్ని ఎవరూ మందలించరు. ముఖ్యంగా నేను.

అన్నదాతా సుఖీభవ.