ఇంట్లో ఉన్నంత మాత్రాన ఖాళీగా ఉన్నట్టు కాదు

(నందికొండ పైలాన్ కాలనీలో జరిగిన స్త్రీల సమావేశంలో ఒక మహిళా పైలట్ చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇక్కడి హిల్ కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. మైకులో మాట్లాడటం నాకు అలవాటే గాని, బయట వాతావరణం ఎట్లా ఉందో చెప్పి ఊరుకుంటాను. ఇవాళ మన ఇళ్ల లోపలి వాతావరణం గురించి చెప్పాలి, అది కొంచెం కష్టం.

మా నాయన డ్యాం గేట్ల దగ్గర పనిచేసేవాడు. శ్రీశైలం నుంచి వరద వస్తున్నదంటే ఆ రోజుల్లో మా ఇంటి లెక్కే వేరు. ఏ అర్ధరాత్రయినా జీపు వచ్చి ఆగేది. చొక్కా మేకుకు, టార్చిలైటు తలగడ పక్కన సిద్ధంగా ఉండేవి. పగలు ఆయన పడుకుంటే అమ్మ మమ్మల్ని బయటికి తరిమేది. “నాయనకు డ్యూటీ పడ్తది, లొల్లి చెయ్యకుండ్రి” అనేది. 26 గేట్ల కింద ఎన్ని ఊళ్లున్నాయో అందరికీ తెలుసు గనుక ఆయన నిద్రను ఎవరూ బద్ధకం అనలేదు.

నేను చేస్తున్నదీ అటువంటి నౌకరే. కాని నేను పగలు పడుకుంటే మా అత్తగారికి నచ్చదు. “ఇంట్లనే ఉన్నవ్ గదా బిడ్డా” అంటుంది. ఆమె చెడ్డది కాదు. పట్టపగలు పడుకున్న కోడలిని ఆమె ఎన్నడూ చూడలేదు, అంతే.

మాకు పని రోజుల పట్టిక ఒకటి ఇస్తారు. రోస్టర్ అంటారు. అందులో కొన్ని రోజులు విమానం నడపాలి, కొన్ని రోజులు సెలవు. ఇంకొన్ని రోజుల ఎదురుగా స్టాండ్‌బై అని ఉంటుంది. చుట్టాలకు అర్థం కానిది ఈ మూడోదే. ఢిల్లీలో పొగమంచు కమ్మి ఒక విమానం నాలుగు గంటలు ఆగిపోయిందనుకోండి. దాని పైలట్ల డ్యూటీ గంటలు నిబంధన ప్రకారం అయిపోతాయి. ఎంత తొందర ఉన్నా వాళ్లిక దాన్ని నడపకూడదు. లేదా ఒకరికి జ్వరం వచ్చింది. అప్పుడు స్టాండ్‌బైలో ఉన్నవాళ్లకు ఫోను వస్తుంది. పెట్టిన గడువులోగా విమానాశ్రయానికి చేరాలి. ఏ ఊరికో, రాత్రికి ఇంటికి వస్తామో లేదో, ఆ ఫోను వచ్చేదాకా తెలియదు. కొన్నిసార్లు రోజంతా రాదు. సాయంత్రం మరిది అడుగుతాడు, “ఇయ్యాల పనే లేదు గదా వదినా, జీతం మాత్రం వస్తది” అని.

పని లేదా? ఆ రోజు యూనిఫాం ఇస్త్రీ అయి ఉండాలి, పెట్టె సర్ది ఉండాలి. మత్తు తెచ్చే జలుబు మాత్ర వేసుకోకూడదు. నందికొండకు రాకూడదు, హైదరాబాద్ ఇక్కడికి 150 కిలోమీటర్లు గదా. అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రెండు రోజులు అట్లాగే ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. అన్నిటికంటే ముఖ్యం, నిద్రపోయి ఉండాలి. రాత్రి రెండింటికి నడపాల్సి వస్తే పగలు పడుకోవడం నా డ్యూటీలో భాగం.

ఇక్కడే ఆడదాని సంగతి వేరవుతుంది. నాతో నడిపే మగ పైలట్లు స్టాండ్‌బై రోజున పడకగది తలుపు వేసుకుంటారు. భార్య పిల్లలను పక్కింటికి పంపుతుంది. నేను తలుపు వేసుకుంటే గ్యాసు బండ వచ్చిందని ఒకరు, ఉప్పు డబ్బా ఎక్కడని ఒకరు. కిందటేడు మా ఆడబిడ్డ ఇంట్లో పాపకు ఇరవై ఒకటో రోజు చేశారు. ఆ రోజు నాకు స్టాండ్‌బై. అదే ఊళ్లో గదా అని పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే నిలబెట్టారు. నేనూ కాదనలేకపోయాను, తప్పు నాది కూడా. రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చింది. రెండు రాకపోకలు, నాలుగు ల్యాండింగులు. నా కాళ్లు వణుకుతున్నాయి. అలసి ఉన్నానని తెలిసి నడపకూడదన్నది నిబంధన. “నేను నడపలేను” అన్నాను. అవతలి గొంతు మారింది. “ఇంట్లోనే ఉన్నారు కదా మేడమ్, అలసట ఎందుకు?” అని. అత్తగారి మాటే! ఇంట్లో ఉన్న స్త్రీ పని చెయ్యదని మా ఇంట్లోనే కాదు, ఆఫీసులోనూ నమ్ముతారని ఆ రోజు తెలిసింది.

2022 ఫిబ్రవరి 26న మన పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో శిక్షణ విమానం కూలి నడుపుతున్న అమ్మాయి చనిపోయింది. అప్పటినుంచి అమ్మకు భయం పట్టుకుంది. ఇంజను చెడిపోతుందనే ఆమె భయం. నా భయం నిద్ర. 2010 మే 22న మంగళూరులో విమానం లోయలోకి దొర్లి 158 మంది చనిపోయారు. ఆ ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రపోయాడని, గురక సైతం రికార్డయిందని విచారణలో తేలింది. నిద్ర లేచిన మత్తు పూర్తిగా వదలకుండానే దించబోయాడు. ఆయన కూడా ఎవరి ఇంట్లోనో కొడుకే, తండ్రే.

అందుకే విశ్రాంతి కోసం పైలట్లు కోర్టుకెక్కవలసి వచ్చింది. 2024 జనవరిలో ప్రభుత్వం నిబంధనలు మార్చింది. వారంలో 36 గంటలున్న వరుస విశ్రాంతిని 48 గంటలు చేసింది. రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. కంపెనీలు అభ్యంతరం చెబితే అమలు వాయిదా పడింది. చివరికి 2025 జూలైలో కొంత, నవంబరులో మిగతాది అమల్లోకి వచ్చాయి. డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి, ప్రయాణికులు విమానాశ్రయాల్లో నేలమీద పడుకున్నారు. వెంటనే ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. ఇన్నాళ్ల గడువులో సరిపడా మనుషులను ఎందుకు పెట్టుకోలేదని అడగవలసింది పోయి, పైలట్లకు ఇంత విశ్రాంతి ఎందుకని మా చుట్టాలే నన్ను అడిగారు.

ఆడవాళ్లు ఈ పనిలోకి నిన్న మొన్న రాలేదు. 1947లో లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌ను ఎనిమిది కంపెనీలు వద్దన్నాయి. చివరికి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేస్. ఇప్పుడు మన దేశ పైలట్లలో సుమారు 15 శాతం స్త్రీలు. ప్రపంచంలో ఐదు శాతం దరిదాపుల్లో ఉన్నారు. ఈ లెక్క విని అందరూ చప్పట్లు కొడతారు. ఇంటికి వెళ్లాక ఆ 15 శాతానికి నిద్ర ఎవరిస్తున్నారన్నది ఏ లెక్కలోనూ లేదు.

నా జీతం మంచిదే. మీలో చాలామంది కంటే ఎక్కువ, అది దాచను. ఇక్కడ ముందు వరుసలో ఆశా అక్కలున్నారు. పురిటి నొప్పులని ఫోను వస్తే నడిరాత్రి లేచి పోతారు. నా స్టాండ్‌బైకి రోస్టర్‌లో ఒక గడి అయినా ఉంది. మీ స్టాండ్‌బై ఏ కాగితం మీదా లేదు. పారితోషికం లెక్కలో ఆ మేలుకున్న రాత్రికి చోటు లేదు. ఇంట్లో మాత్రం మనిద్దరికీ పడే మాట ఒక్కటే.

నేను చేసింది పెద్ద పోరాటం కాదు. రోస్టర్ తెచ్చి వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించాను. స్టాండ్‌బై రోజులకు ఎర్ర గీత. ఆ రోజుల్లో వంట మా ఆయనది, అతిథులు వస్తే కూడా. మొదటి నెల పప్పు మాడింది. అత్తగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు పక్కింటామె పిలిస్తే ఆమే గుమ్మంలోకి పోయి, “దానికి డ్యూటీ ఉన్నది, పండుకున్నది” అని చెప్పడం తలుపు వెనకనుంచి విన్నాను. రోజూ అట్లా అంటుందని కాదు. గ్యాసు బండ కోసం ఇప్పటికీ తలుపు కొడుతుంది.

రేపు తెల్లవారుజాము నాలుగు నుంచి నాకు ఎర్ర గీత. సాయంత్రం తొందరగా ఇల్లు చేరి పడుకోవాలి గనుక రెండింటి బస్సుకు వెళ్లిపోతాను. అడగవలసినవి ఉంటే ఇప్పుడే అడగండి.