ఫ్యాక్టరీ గోడ దాటని పైపు



ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊరికి వచ్చి పట్టణ పేదల ఇళ్ల గురించి మాట్లాడటమేమిటని ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు అనిపించవచ్చు. కానీ సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా హైవే పట్టుకుని వెళ్తే ఊరు ఎక్కడ అయిపోయిందో, పట్నం ఎక్కడ మొదలైందో ఇప్పుడు ఎవరూ గీత గీసి చూపలేరు. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం వైపు మందుల కంపెనీలకూ రసాయన కంపెనీలకూ పనికి వచ్చే మనుషులు ఊళ్లను ఎప్పుడో పట్నం చేసేశారు. వీళ్లకు ముందుగా కావలసింది ఎక్కడో కట్టిన సొంతిల్లు కాదు. పనికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఓ అద్దెగది కావాలి, ఆ గదికి మరుగుదొడ్డి కావాలి, ఆ మరుగుదొడ్డిలోది చివరికి ఎక్కడికి పోవాలో అక్కడికి ఒక దారి కావాలి. ప్రభుత్వాలు మాత్రం తమ డబ్బూ దృష్టీ ఎక్కువగా సొంతింటి మీద పెట్టి, గదినీ దొడ్డినీ ఇంటి ఓనరుకు, దారిని వాగుకు వదిలేశాయి.

కొల్లూరునే చూడండి. మన సంగారెడ్డి జిల్లాలోనే, దాదాపు 145 ఎకరాల్లో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2023 జూన్ 22న ప్రారంభించారు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. మురుగునీటి శుద్ధి, లిఫ్టులు అన్నీ ఉన్నాయి. కట్టుబడిలో వంక పెట్టడానికి నాకు పెద్దగా ఏమీ కనిపించదు. వంకంతా లెక్కలో ఉంది. ఆ ఇళ్లు ఎక్కువగా హైదరాబాద్ నగర బస్తీల్లో ఉన్నవాళ్లకు. ఖైరతాబాద్‌లో నాలుగిళ్లలో పని చేసుకునే ఆమెకు కొల్లూరులో ఇల్లు వచ్చిందంటే నీడ దొరికినట్టే, కానీ పని చేజారినట్టు. అదే కొల్లూరుకు కాస్త దూరంలో పారిశ్రామికవాడలో పనిచేసే బీహారీ కుర్రాడికో, ఒడిశా జంటకో ఆ జాబితాలో చోటు లేదు, ఇక్కడి రేషన్ కార్డూ ఓటూ లేవు కాబట్టి. ఇంటికీ పనికీ సంబంధం ఉందని మనకు తెలియక కాదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కట్టినప్పుడు, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం పెట్టినప్పుడు పక్కనే టౌన్‌షిప్ కట్టారు. కాంట్రాక్టు కూలీల కాలం వచ్చాక క్వార్టరు అన్న మాటే లేకుండా పోయింది.

దాని స్థానంలో వచ్చినవే వరస గదులు. పొడుగాటి స్థలం, పైన సిమెంటు రేకులు, ఎదురెదురుగా తలుపులు, చివర అందరికీ కలిపి ఒకటో రెండో దొడ్లు. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు ముందు అక్కడ బకెట్లు వరసలో ఉంటాయి. వెనకాల ఉన్నదాన్ని సెప్టిక్ ట్యాంకు అంటారు గానీ చాలా చోట్ల అది సిమెంటు రింగులు దించిన గుంత. అడుగున సిమెంటు వేయరు, ఎందుకంటే నీళ్లు భూమిలోకి ఇంకిపోతే బండిని పిలిచే ఖర్చు తప్పుతుంది. అదే ఆవరణలో, పది అడుగుల అవతల, బోరు. బండి వచ్చినా తోడినదాన్ని ఎక్కడ పోస్తుందో ఎవరూ అడగరు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషుల్ని మురుగు గుంతల్లోకి దించడాన్ని 2013 చట్టం నేరం చేసింది. 2023లో సుప్రీంకోర్టు మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి పరిహారం 30 లక్షలకు పెంచింది. అయినా గుంత మూత దగ్గర తాడు పట్టుకుని నిలబడే మనిషి ఇంకా పూర్తిగా మాయం కాలేదు.

పైపు వేయడం ఇక్కడ సాధ్యం కాదని మాత్రం ఎవరూ అనలేరు. ఫ్యాక్టరీల వ్యర్థ జలాలు నక్కవాగును, దాని ద్వారా మంజీరను పాడుచేశాయి. రైతులు కోర్టుకెక్కారు, ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి 18 కిలోమీటర్ల పైపులైను వేసి, ఆ నీటిని నగర మురుగు కాల్వలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రం దాకా తీసుకెళ్లారు. ఆ పరిష్కారం మీద ఉన్న విమర్శల జోలికి ఇప్పుడు వెళ్లను. కానీ రియాక్టరులోంచి వచ్చిన నీటికి అంత దూరం దారి దొరికి, ఆ రియాక్టరు దగ్గర నిలబడే మనిషి దొడ్డినీళ్లకు వీధి చివరి దాకా కూడా దారి దొరకలేదన్నది ఇంజనీరింగ్ సమస్య కాదు.

సొంతిల్లే కదా పేదవాడికి భరోసా అంటారు. నిజమే, స్థిరపడాలనుకున్నవాడికి. రెండేళ్లు పనిచేసి ఊరికి డబ్బు పంపి తిరిగి వెళ్లేవాడికి అది గుదిబండ. బయటివాళ్లకు మన పన్నుల డబ్బెందుకు అన్నది ఇంకా గట్టిగా వినిపించే మాట. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో చనిపోయినవారిలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ జిల్లా సంపదలో వాళ్ల చెమట ఉన్నప్పుడు బయటివాళ్లెలా అయ్యారు? పైగా గుంతలోంచి ఇంకిన నీరు బోరులోకి వెళ్లేటప్పుడు ఎవరి ఆధార్ కార్డూ అడగదు. మూడో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. గదుల మీద నిబంధనలు బిగిస్తే ఓనర్లు అద్దె పెంచుతారు, లేదా గదులు కూల్చేస్తారు, పేదవాడు ఇంకా అధ్వాన్నమైన చోటికి పోతాడు. దీన్ని నేను ఒప్పుకుంటాను. అందుకే నోటీసుతో మొదలుపెట్టకూడదు, కాల్వతో మొదలుపెట్టాలి. కరాచీలోని ఒరంగీ బస్తీలో 1980 నుంచి అఖ్తర్ హమీద్ ఖాన్ బృందం చేసిందదే. సందులోని కాల్వ జనం తమ డబ్బుతో వేసుకున్నారు, పెద్ద కాల్వ ప్రభుత్వ బాధ్యత అన్నారు. మన వరంగల్ కూడా పైపు లేని చోట ఏం చేయాలో చూపింది. 2016లో మలవ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చి, తోడిన బండి ఎక్కడ పోయాలో తేల్చి, తర్వాత శుద్ధి కేంద్రం పెట్టింది.

మరి డబ్బెక్కడిది? పారిశ్రామికవాడల్లో పన్ను వసూలు చేసేది పంచాయతీయో మున్సిపాలిటీయో కాదు, ‘ఐలా’ అనే పారిశ్రామికవాడ అథారిటీ. స్థానిక సంస్థకు అందులో ఒక వాటా వెళ్తుంది, మిగతాది వాడ లోపలి రోడ్లకూ దీపాలకూ. వాడ హద్దు ఫ్యాక్టరీ గోడ దగ్గర ఆగిపోతుంది, కార్మికుడి గది గోడ అవతల ఉంటుంది. మీలో కొందరు రేపు ఈ హద్దులు గీసే కార్యాలయాల్లోనే కూర్చుంటారు. కొందరు కొత్త కంపెనీకి అంచనాలు వేస్తారు. ఎంత కరెంటు, ఎంత నీరు, ఎన్ని లారీలు అని ఆ కాగితాల్లో గడులుంటాయి. కార్మికులు రాత్రి ఎక్కడ అద్దెకు ఉంటారు, వాళ్ల గదుల మురుగు ఏ కాల్వలో కలుస్తుంది అన్న గడి మాత్రం నాకు కనిపించలేదు. ఆ గడి పెట్టించడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు, అంచనా తయారుచేసే మనిషి అడిగితే చాలు.