సర్కస్ జోకర్‌ని చూసి ఇప్పుడు నవ్వొచ్చా?

సికింద్రాబాద్ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను. ఈసారి టాపిక్ మీలో కొందరు పంపిన ప్రశ్నే. అమెరికాలో డిస్నీ వాళ్ళు పాత రైడ్లని మార్చేస్తున్నారు కదా, అది కరెక్టేనా అని.

ముందు అక్కడేం జరిగిందో రెండు ముక్కల్లో చెప్తా. స్ప్లాష్ మౌంటెన్ అని ఒక రైడ్ ఉండేది. దుంగలాంటి పడవలో కూర్చుంటే చివర్లో ధబేల్మని నీళ్ళలోకి జారిపడతాం. 1989లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఆ రైడ్‌లోని బొమ్మలు, కథ 1946 నాటి 'సాంగ్ ఆఫ్ ద సౌత్' సినిమాలోవి. తోటల్లో నల్లజాతి వాళ్ళు పడ్డ కష్టాన్ని కమ్మటి కథలా చూపించిందని ఆ సినిమా మీద వచ్చినప్పటి నుంచే విమర్శ ఉంది. 2023లో రైడ్ మూసేశారు. 2024లో అవే నీళ్ళు, అదే జారుడు ఉంచి, టియానా కథ పెట్టారు. టియానా అంటే డిస్నీ తీసిన మొదటి నల్లజాతి యువరాణి. ఇంకోటి, పైరేట్స్ రైడ్. అందులో సముద్రపు దొంగలు ఆడవాళ్ళని వేలం వేసే సీన్ ఉండేది. 2018లో ఆ వేలంలో నిలబెట్టిన ఎర్రజుట్టు అమ్మాయినే సముద్రపు దొంగగా మార్చేశారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

సరే, మనకేంటి సంబంధం? మన దగ్గర పెద్ద పార్కులన్నీ నిన్నమొన్నటివే. రామోజీ ఫిల్మ్ సిటీ 1996, మన వండర్‌లా 2016. తాతలు, అమ్మానాన్నలు, మనం, మూడు తరాలూ టికెట్ కొని చూసినవంటే రెండే. ఒకటి సర్కస్, రెండోది నుమాయిష్. అక్కడ ఉన్నవి బొమ్మలు కావు, ప్రాణాలు. అందుకే మన ప్రశ్న డిస్నీ ప్రశ్న కంటే గట్టిది.

సర్కస్‌లో మొదట మారింది జంతువుల సంగతి. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, వీటితో ఆటలు ఆడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ కంపెనీలు కోర్టుకెళ్ళాయి. ముందు కేరళ హైకోర్టు, తర్వాత 2001లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం చేసింది కరెక్టే అన్నాయి. "అరే, సింహం లేని సర్కస్ ఏంటి?" అని అప్పట్లో చాలామంది మూతి విరిచారు. ఇప్పటికీ పెద్దవాళ్ళు అంటుంటారు, మీరేం సర్కస్ చూశారు, మా రోజుల్లో చూడాలి అని.

ఆ సింహాలు ఏమయ్యాయో మాత్రం ఎవరూ అడగరు. కొన్ని మన దగ్గరికే వచ్చాయి. విశాఖపట్నంలో, తిరుపతిలో వాటి కోసం రెస్క్యూ సెంటర్లు పెట్టారు. వాటిలో చాలావరకు ఆఫ్రికా సింహానికీ గిర్ సింహానికీ కలిపి పుట్టించినవి. అంటే అడవిలో వదలలేరు, జూలో పిల్లల్ని పెట్టనివ్వలేరు. ముసలివై పోయేదాకా తిండి పెట్టి చూసుకోవడమే. ఒక్క మంచి షో కోసం పుట్టించిన ప్రాణానికి షో ఆగాక ఈ భూమ్మీద చోటే లేకుండా పోయింది. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. ఆ షో పోవాల్సిందే, ఇంకా ముందే పోవాల్సింది.

మధ్యలో ఒక మాట. మన శ్రీకాకుళం కోడి రామమూర్తి నాయుడు గారు సొంతంగా సర్కస్ నడిపారు. ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవారు. ఏనుగు విషయం పక్కన పెడితే, జనం చప్పట్లు కొట్టింది ఆయన ఛాతీకి. మనిషి ఒళ్ళే అసలు సరుకుగా సర్కస్ నడవగలదని వందేళ్ళ కిందటే తెలుసన్నమాట.

పిల్లల సంగతి కూడా అంతే క్లియర్. సర్కస్‌లో పిల్లల్ని పెట్టుకోకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద చర్చే అక్కర్లేదు.

ఇక కష్టమైన దగ్గరికొద్దాం. జోకర్. ఎత్తు తక్కువ ఉన్న మనిషి. అతని ప్యాంటు ఊడుతుంది, వెనక తంతారు, మనం నవ్వుతాం. 1989లో 'విచిత్ర సోదరులు' చూసి కమల్ హాసన్ వేసిన అప్పు పాత్ర కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనవాళ్ళే సర్కస్ డేరాలో అదే మనిషిని తంతే విజిల్ వేశారు. ఇది ఇప్పుడు ఆపేయాలా?

ఆపేయాలి అని ఠక్కున అనేముందు ఫ్రాన్స్ కేసు ఒకటి వినండి. అక్కడ డిస్కోల్లో ఎత్తు తక్కువ మనిషికి రక్షణ బట్టలు తొడిగి, పరుపు మీదకి విసిరే ఆట ఒకటి ఉండేది. అవును, మనిషిని విసరడమే. పారిస్ దగ్గర ఒక ఊరి మేయర్ దాన్ని నిషేధించాడు. కోర్టుకెళ్ళిందెవరో తెలుసా? ఆ విసిరించుకునే మనిషే. పేరు మాన్యుయెల్ వాకెన్‌హైమ్. నాకు పని ఉండటమే నా గౌరవం, ఆ పని మీరు తీసేస్తున్నారు అన్నది అతని వాదన. 1995లో ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం మనిషి గౌరవం పేరు మీద నిషేధం సరైనదే అంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్ళాడు. 2002లో అక్కడా ఓడిపోయాడు.

నన్నడిగితే, కోర్టు తీర్పు కరెక్టే. కానీ అతని ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆట ఆపారు, సరే, రేపు పొద్దున అతనేం తినాలి? మన సర్కస్‌లోనూ ఇదే జరుగుతోంది. డేరాలు తగ్గిపోతున్నాయి, మనమేమో "మంచిదే, ఆ జోకులు చీప్‌గా ఉండేవి" అని పోస్ట్ పెట్టి స్క్రోల్ చేసేస్తాం. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మరుగుజ్జుతనం కూడా ఉంది, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ కూడా ఉంది. కానీ చిన్నప్పుడే డేరాలోకి వచ్చి, ఊరూరా తిరిగి, బడి మొహం చూడని మనిషికి ఆ రిజర్వేషన్ ఎలా అందుతుంది?

ఇక్కడే ఆ ఎర్రజుట్టు అమ్మాయి గుర్తుకు రావాలి. సీన్ తీసేయలేదు, ఆమె చేతికి వేరే పాత్ర ఇచ్చారు. బొమ్మకే అంత చేసినప్పుడు మనిషికి చేయలేమా? ఊయల మీద ఎగిరే ఆట ఉంది, గారడీ ఉంది, మైక్ పట్టుకుని షో నడిపే పని ఉంది. మంచి టైమింగ్ ఉన్న కమెడియన్‌ని తన్నులు తినడానికే వాడటం తెలివితక్కువ వ్యాపారం కూడా. జోక్ అతను వేయాలి, మనం నవ్వాలి. అప్పుడు నేనూ ముందు వరసలో టికెట్ కొంటా.

చివరగా నుమాయిష్. 1938 నుంచి వస్తున్న మేళా. జనవరి వస్తే మన సైడ్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి నాంపల్లి, మస్త్ రష్. లోపల మౌత్ కా కువా, అదే మృత్యుబావి. నిలువు చెక్క గోడ మీద బైకు, కారు గిరగిరా తిరుగుతుంటే పైన నిలబడి చూస్తాం. దీన్ని బ్యాన్ చేయమని కొందరంటారు. నేను ఒప్పుకోను. పెద్దవాళ్ళు, ఇష్టపడి నేర్చుకున్న విద్య, తరాలుగా వస్తున్న పని.

కానీ పైనుంచి మనం పది రూపాయలో, ఇరవయ్యో నోటు చాపుతాం చూడండి, అది ఆపొచ్చు. ఆ నోటు అందుకోవాలంటే అతను హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీయాలి, అంచు దాకా రావాలి. జీతం సరిపోతే ఎవరు వస్తారు అంత పైకి? టికెట్ ఇంకో ఇరవై పెంచి ఆ డబ్బు నేరుగా రైడర్‌కి ఇవ్వొచ్చు, ఇన్సూరెన్స్ చేయించొచ్చు, నోట్లు చాపొద్దని గోడకి బోర్డు పెట్టొచ్చు. గోడ అదే, బైకు అదే, సైలెన్సర్ మోత అదే. థ్రిల్ ఎక్కడికీ పోదు.

బోనాల్లో, బీబీ కా ఆలంలో ఏనుగు మాటేంటి అని మీరు కామెంట్ టైప్ చేస్తున్నారని నాకు తెలుసు. అది భక్తితో ముడిపడ్డ విషయం, దాని లెక్క వేరు, వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఈలోగా మీ ఊరి జాతరలో చూసిన ఆటల్లో ఏది మారాలో, ఎందుకో రాయండి. ఉంటా మరి.