పడిపోతున్న కుర్రాడు

మిత్రులారా, ఇంజనీరు బొమ్మల గురించి మాట్లాడితే నవ్వకండి.

1588లో హాలెండులోని హార్లెంలో హెండ్రిక్ గోల్ట్జియస్, కార్నెలిస్ గీసిన నాలుగు గ్రీకు పురాణ దృశ్యాలను రాగి రేకులపై చెక్కి అచ్చువేశాడు. గుండ్రటి బొమ్మలు. హద్దు మీరినందుకు నలుగురు శూన్యంలో పడిపోతుంటారు. ఉక్కు మొన లోతుగా దిగితే గీత లావు, పైపైన పోతే సన్నం. ఆ తేడాతోనే కండలు ఉబ్బి కనిపిస్తాయి. చిన్నప్పుడు నిప్పుల్లో పడి కాలిన చేతితో చేసిన పని అది! వేళ్లు పూర్తిగా చాపలేకపోయేవాడట.

ఆ నలుగురిలో ఇకారస్ ఒకడు. రెక్కలు కట్టిన తండ్రి డెడలస్ మా వృత్తివాడే. ఎండకు మైనం కరుగుతుందని తెలిసీ, పైకి పోవద్దని చెప్పి ఊరుకున్నాడు. కొత్తగా ఎగిరే కుర్రాడు పైకి పోడా? నా లెక్కలో అది డిజైను లోపం. ఇకారస్‌ను ఆ వరుసలో పెట్టడం నేను ఒప్పుకోను.