మన ఆవరణలోని కానుగ చెట్టు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాదినాడు వేపపువ్వును గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. మేము మాత్రం ఈ పందిరి ప్రక్కనున్న కానుగ చెట్టును గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాము. మేము పండితులము కాము. మెట్రిక్‌తో చదువు చాలించి, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునేవారము.

మొన్న ఈ చెట్టు క్రిందనే మా ఇంటివాళ్లకు తగవు వచ్చింది. మా అమ్మ "ఇది కానుగ" అన్నది. బడికి పోయే మా అమ్మాయి "కాదు నాయనమ్మా, హొంగె" అన్నది. ఇద్దరి మాటా నిజమే. కన్నడిగుల హొంగె, తమిళుల పుంగ, మరాఠీవారి కరంజ్, అన్నీ మన కానుగే. సీమ మారితే పేరు మారింది, చెట్టు మారలేదు.

దీని ఉపకారం ఎంతని చెప్పము! కొమ్మా రెమ్మా వరిమడిలో వేసి తొక్కితే పచ్చిరొట్ట ఎరువు. దీని వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. చెరువుగట్టున నాటితే మట్టి కొట్టుకుపోకుండా కాస్తుంది. పూత పూసిందంటే తేనెటీగలకు పండుగే. 100 కిలోల గింజలలో సుమారు 30 కిలోల నూనె ఉంటుంది. అది చేదు, తినరాదు. కాని దీపానికీ, సబ్బుకూ, గజ్జి తామరలకు పైపూతకూ వాడుతూ వచ్చారు. నూనె తీసిన చెక్క పొలానికి ఎరువు. బండ్లను నమ్ముకొని బ్రతికే మాబోటివారికి మరొక సంతోషం: ఈ నూనెతో డీజిలు ఇంజన్లకు పనికివచ్చే ఇంధనం కూడా చేస్తారు.

ఇటువంటి చెట్టును, ఆకు రాలుతుందనీ, కొత్త వేదికకు అడ్డమనీ కొట్టించాలని మన సంఘంలో ఆలోచన సాగుతున్నది. దాచడమెందుకు, మొదట సరేనని చేయెత్తినవారిలో మేమూ ఉన్నాము. అమ్మ, అమ్మాయిల తగవు విన్న తరువాత మనసు ఒప్పలేదు. వేదికను 4 గజాలు పడమటికి జరిపితే అదీ నిలుస్తుంది, ఇదీ నిలుస్తుంది.

చెట్టు క్రింద ఎండుకాయలు రాలి ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంటికి రెండు చొప్పున తీసుకుపోయి, తొలకరికి గింజలు నాటించండి. పిల్లలకు రెండు పేర్లూ చెప్పండి.

సెలవు.